పట్టపగలు ఉతికిన బట్టలు

నలభై అయిదేళ్లు వచ్చేదాకా నేను మా ఇంట్లో నీళ్లబిందె ఎత్తినవాణ్ణి కాదు. తాపీపనికి పోయి ఊళ్లోవాళ్ల ఇళ్లన్నిటికీ ఇటికలు మోశాను, సిమెంటు తట్టలు మోశాను. 1985 జులై 17న కారంచేడులో మా మాదిగలని నరికి చంపినప్పుడు, ప్రాణాలు చేతబట్టుకుని చీరాల చేరిన జనం కోసం శిబిరంలో బియ్యం బస్తాలు మోశాను. అప్పటికి నాకు ఇరవయ్యొక్క ఏళ్లు. 1991లో చుండూరు పోయాను. 1994 జులైలో ఈదుమూడిలో దండోరా మొదలైన దగ్గర్నించీ జెండా మోశాను. మా ఇంటి బిందె మాత్రం మా ఆమే మోసింది.

ఈ మాట గొప్పకి చెప్పటంలేదు. సిగ్గుపడే చెబుతున్నాను. దళితుల చరిత్ర రాయమంటే మనం చంపినవాళ్ల పేర్లూ, చచ్చినవాళ్ల పేర్లూ, సభల తేదీలూ రాస్తాం. రాయాల్సిందే. కానీ మా ఇంట్లో జరిగిన ఒక సంవత్సరం ఏ కరపత్రంలోనూ లేదు. అది 2009. ఆ సంవత్సరం మా ఆమెకి గర్భసంచి మూతికి కాన్సర్ వచ్చింది. నేను దాని గురించి రాస్తానంటే ఆమె ఒకటే మాటన్నది: "రాయి మావా. నీ గురించి గొప్పగా మాత్రం రాసుకోమాక."

మా ఆమె పొగాకు కూలి. సీజన్‌లో బ్యారన్ల దగ్గర ఆకు కట్టటం, తరవాత గ్రేడింగు, అదిలేనప్పుడు మిరపకాయ కోతలు. 2008 సంక్రాంతి అయినాక తెల్లబట్ట ఎక్కువైంది. తరవాత నెలకీ నెలకీ మధ్య రక్తం కనపడటం మొదలైంది. నాకు చెప్పలేదు. మాకు అప్పటికి దొడ్డి లేదు. ఆడవాళ్లు తెల్లారకముందే చెంబు తీసుకుని కట్టమీదికి పోయేవాళ్లు. చీకట్లో పోయి చీకట్లో వచ్చే మనిషికి ఎంత రక్తం పోతుందో మొగుడికెట్లా తెలుస్తుంది? తెలుసుకోవాలనుకుంటే తెలుస్తుంది. నేను అనుకోలేదు.

ఏడాది తరవాత గ్రేడింగులో కళ్లు తిరిగి పడిపోయింది. ఆర్‌యంపి డాక్టరు రక్తానికి బిళ్లలిచ్చాడు. రెండు నెలలు చూసి, "గర్భసంచి తీయించెయ్, పిల్లలు పుట్టారు గదా, దాంతో ఇంకేం పని?" అన్నాడు. టౌన్లో ఒక నర్సింగ్‌హోమ్ పేరు కూడా చెప్పాడు. ఆ రోజుల్లో మా గూడేల్లో ముప్ఫై ఏళ్లు నిండని ఆడపిల్లలకి కూడా గర్భసంచులు తీసేసేవాళ్లు. పోదామనే అనుకున్నాం. ఆపింది మా గూడెం నుంచే చదువుకుని పైకొచ్చిన ఒక నర్సమ్మ. "ముందు ముక్క పరీక్ష చేయించు అన్నా. ఏముందో తెలవకుండా కత్తి పెట్టనీమాక" అంది. ముక్క పరీక్షలో కాన్సర్ అని వచ్చింది. పక్కకి కొంచెం పాకింది కాబట్టి ఆపరేషన్‌తో లాభం లేదు, కరెంటు పెట్టాలన్నారు. రేడియేషన్‌ని మావైపు కరెంటు అనే అంటారు. గుంటూరులో అయిదు వారాలు, వారానికి అయిదు రోజులు కరెంటు. వారానికొక కీమో. ఆ తరవాత లోపల పెట్టే కరెంటు మూడుసార్లు.

ఆరోగ్యశ్రీ 2007లో మూడు జిల్లాల్లో మొదలై 2008కి రాష్ట్రమంతా వచ్చింది. మాకు తెల్లకార్డు ఉంది. మందులకీ మిషనుకీ డబ్బు కట్టక్కర్లేదని ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర చెప్పింది. ఆ మాట విని మా అమ్మ దణ్ణం పెట్టింది. కానీ పోయిన కూలి ఎవరిస్తారు? గది అద్దె ఎవరిస్తారు? గుంటూరులో ఉండి వండిపెట్టేదెవరు?

అప్పుడే మా ఇంట్లో అసలు పంచాయితీ జరిగింది. మా అమ్మ అన్నది: "పెద్దదాన్ని బడి మానిపించి తల్లితో పంపు. వండిపెడద్ది, బట్టలుతుకుద్ది. నువ్వు పనికి పో, అప్పు తీరాల గదా." మా పెద్దది అప్పుడు పదో తరగతి. మూడు రూపాయల వడ్డీకి ఇరవైవేలు తెచ్చాను. అమ్మ చెప్పిన లెక్క తప్పు లెక్క కాదు. మా గూడెంలో ఆడపిల్లల చదువులు ఇట్లాంటి లెక్కల్లోనే ఆగిపోయాయి. నాకూ సరే అనిపించింది. అంబేద్కర్ జయంతి రోజున మైకు పట్టుకుని ఆడపిల్లల్ని చదివించమని చెప్పిన నోరే ఇది. ఆ రాత్రి అదే నోరు "ఒక్క ఏడే గదా" అన్నది.

మా ఆమె మంచం మీంచి లేవకుండానే చెప్పింది: "పిల్లని బడి మానిపిస్తే నేను కరెంటుకి రాను. నన్నిట్లాగే ఉండనీండి."

ఇంకెవరూ మాట్లాడలేదు. పిల్లలు అమ్మ దగ్గర ఉన్నారు, నేను ఆమెతో పోయాను. తాపీ, తట్ట మా తమ్ముడి ఇంట్లో పెట్టాను.

గుంటూరులో ఆసుపత్రికి నడిచి పోయేంత దూరంలో ఒక గది దొరికింది. ఇంటావిడ మొదటిరోజే "మీరేమిట్లు?" అని అడిగింది. "క్రిస్టియన్స్ అండీ" అన్నాను. గుంటూరు జిల్లాలో ఆ మాటకి అర్థమేంటో అందరికీ తెలుసు. సాయంత్రానికి మేం మంచినీళ్లు పట్టుకునే చెంబు విడిగా కుళాయి పక్కన పెట్టి ఉంది.

ఆ గదిలో నేను వంట నేర్చుకున్నాను. మొదటిరోజు అన్నం ముద్దయింది, రెండోరోజు మాడింది. ఆమె చాపమీద పడుకునే చెప్పేది: "ఎసరు కాగినాకనే బియ్యం పొయ్యి. మూత కొంచెం వారగా పెట్టు. ఇప్పుడు గంజి వార్చు." కారం లేని కూర ఎట్లా చెయ్యాలో ఆమెకే తెలియదు. మా ఇంట్లో పచ్చడి లేని రోజు లేదు. డాక్టరేమో కారం వద్దు, ఆకుకూర వద్దు, పాలు తగ్గించమన్నాడు. కరెంటు రెండో వారంలోకి వచ్చేసరికి విరోచనాలు పట్టుకున్నాయి. గంజిలో ఉప్పేసి, పల్చటి మజ్జిగ చేసి, అరటిపండు మెత్తగా పిసికి ఇచ్చేవాణ్ణి. కీమో పెట్టిన రోజు సెలైన్ బాటిళ్లు ఎక్కీ ఎక్కీ సాయంత్రమయ్యేది. ఆ రాత్రంతా వాంతులు. ఇనపగిన్నె వాసన వస్తుందని అన్నం దగ్గరికి రానిచ్చేది కాదు. ప్రతి కీమోకి ముందు రక్తపరీక్ష. రక్తం తక్కువైతే ఆ వారం కీమో ఆగిపోతుంది. రెండుసార్లు రక్తమెక్కించారు. ఒకసారి నేనిచ్చాను, ఇంకోసారి దండోరా కుర్రాడొకడు బస్సెక్కి వచ్చి ఇచ్చిపోయాడు.

పొట్టమీద డాక్టర్లు గీసిన గీతలు చెరిగిపోకూడదు. అందుకని ఆమెకి నేనే నీళ్లు పోసేవాణ్ణి. గీతలకి పైన, గీతలకి కింద, చెయ్యి అడ్డంపెట్టి. ఇరవయ్యేళ్ల కాపురంలో నేను ఆమె వీపు చూసింది అప్పుడే. పొగాకు మండెలు మోసీ మోసీ భుజం మీద కాయ కట్టి ఉంది.

పది రోజులు తిరక్కముందే ఇంటావిడ ఖాళీ చెయ్యమంది. "పిల్లలున్న ఇల్లు బాబూ, మాకు భయం" అంది. ఏది భయమో చెప్పలేదు. జబ్బు అంటుతుందనా, మేమే అంటుతామనా? కాన్సర్ అంటుకునే జబ్బు కాదని డాక్టరు కాగితం మీద రాసిస్తాడు. రెండో దానికి ఏ డాక్టరు రాసిస్తాడు? ఇప్పటికీ నాకు తెలీదు ఆమె దేనికి పొమ్మన్నదో. మా బతుకులో ఈ తెలియకపోవటం కూడా ఒక జబ్బే.

రైల్వేలో ఊడ్చే పనిచేసే మావాళ్లు, పేటలో ఉంటారు, వాళ్ల వసారా ఇచ్చారు. అద్దె వద్దన్నారు. ఆ ఇంటి ముసలమ్మ మొదటిరోజే మా ఆమె తిని వదిలేసిన కంచంలోనే అన్నం కలుపుకుని తిన్నది. ఎవరికీ ఏమీ చెప్పలేదు. తిన్నదంతే. చాలా రోజుల తరవాత ఆ పూట మా ఆమె నాలుగు ముద్దలు ఎక్కువ తిన్నది.

ఆ వసారాలో ఉండగానే సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ కనపడటంలేదన్నారు. మర్నాడు చనిపోయాడన్నారు. కొట్లు మూసేశారు. కరెంటు కోసం వరండాలో కూర్చున్న ఆడవాళ్లు ఏడ్చారు. ఆ ఏడుపులో ఆయన ఒక్కడే లేడు. "ఇక కార్డు పనిచేస్తదా? సగంలో ఆపేస్తారా?" అని ఒకళ్లనొకళ్లు అడుక్కున్నారు. మన ప్రాణం హక్కుగా కాకుండా ఒక మనిషి దయగా వస్తే, ఆ మనిషి పోయినరోజు వరండాలో ఎట్లా ఉంటుందో నేను కళ్లారా చూశాను. పథకం ఆగలేదు. కానీ ఆ రెండు రాత్రులూ ఆమె నిద్రపోలేదు.

ఇప్పుడు బట్టల సంగతి చెప్పాలి.

కరెంటు మొదలైన కొత్తల్లో రక్తం ఆగేది కాదు. పాతచీరలు చింపి గుడ్డలు చేసేవాళ్లం. దానికి తోడు విరోచనాలు. రోజూ ఒక బకెట్టు నిండేది. ఆమెకి వంగే ఓపిక లేదు. మొదటి గదిలో ఉన్నప్పుడూ, పేటకొచ్చిన కొత్తలోనూ నేను తెల్లారుజాము మూడున్నరకి లేచి, ఎవరూ లేవకముందే కుళాయి దగ్గర ఉతికి, ఆరీ ఆరకముందే తీసేసి మంచం కింద దాచేవాణ్ణి. మగాడు ఆడదాని రక్తంగుడ్డలు ఉతికాడని ఎవరన్నా చూస్తే ఎట్లా?

ఒకరోజు ఆమె మెలకువగా ఉండి చూసింది. "ఎవరికి భయపడి సీకట్లో ఉతుకుతన్నావు మావా?" అన్నది. నేను మాట్లాడలేదు. "మీ అమ్మమ్మ ఊరందరి రక్తం పగలే గదా కడిగింది" అన్నది.

మా అమ్మమ్మ మంత్రసాని. ఊళ్లో రెడ్లకీ కమ్మోళ్లకీ పురుళ్లు పోసింది. బొడ్డుకోసి, మాయ పాతిపెట్టి, పక్కగుడ్డలు చెరువులో ఉతికి, పదకొండోరోజున స్నానాలయినాక మళ్లీ గడప ఇవతలే నిలబడింది. ఆ పని వాళ్ల దృష్టిలో మైల. చేసినందుకు రెండు శేర్ల వడ్లు, ఒక పాతచీర. నెత్తురు ముట్టుకున్నందుకే మనల్ని అంటరానివాళ్లన్నారు. అట్లాంటి అమ్మమ్మ మనవణ్ణి నేను. నా భార్య నెత్తురు ముట్టుకోటానికి చీకటి కావాల్సొచ్చింది. కులం నాకు బయటినుంచే వచ్చిందనుకున్నాను. నా లోపల కూడా ఒక గడప ఉంది. దాని ఇవతల మా ఆమె నిలబడి ఉంది, ఇన్నేళ్లూ.

ఆ మర్నాడు పది గంటలకి, ఆడవాళ్లందరూ బిందెలతో నిలబడ్డప్పుడు, బకెట్టు తీసుకుపోయి ఉతికాను. ఇద్దరు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఒక ముసలామె "ఏం రోగమయ్యా మీ ఇంటిదానికి?" అని అడిగింది. చెప్పాను. నవ్వినవాళ్లలో ఒకామె నా బకెట్టు కింద పెట్టించి, తన బిందె పక్కకి జరిపి, ముందు నన్ను పట్టుకోమంది. రెండు రోజులు పోయినాక ఆమే మా వసారాకి వచ్చి, తనకీ తెల్లబట్ట అవుతోందని మా ఆమెతో చెప్పుకుంది. చీకట్లో ఉతికితే ఆ మాట బయటికొచ్చేది కాదు.

అక్టోబరులో ఇంటికొచ్చాం. కరెంటు అయిపోయినంతమాత్రాన జబ్బు మనిషి లేచి తిరగదు. ఆరు నెలలు నీరసం. పొట్టమీద చర్మం బొగ్గులా నల్లబడింది. ఇంకొకటి కూడా ఉంది, చెప్పటానికి మాటలు రావటంలేదు. మొగుడూ పెళ్లాల సంగతి. డాక్టరు చెప్పలేదు, మేం అడగలేదు. ఏడాది వేర్వేరు మంచాలమీద పడుకున్నాం. లోపల నొప్పి ఎందుకుంటుందో, ఏం చెయ్యాలో ఆఖరికి ఆ నర్సమ్మే ఆమెకి చెప్పింది. గూడెంలో ఇంకో మాట లేచింది, అది మొగవాళ్లనుంచి వచ్చే జబ్బంట, మనిషి మంచిది కాదేమోనని. ఈ జబ్బుకి మూలం ఒక వైరస్. కాపురం చేసేవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు అంటుకుని దానంతటదే పోతుంది. కొద్దిమందిలో నిలిచిపోయి ఏళ్లు గడిచినాక కాన్సరవుతుంది. ఇందులో నడవడికేం లేదు. తెచ్చింది నేనే కావచ్చు. ఆమె ఒక్కరోజు కూడా ఆ మాట అనలేదు. నేనే రాస్తున్నాను.

ఆ వైరస్‌కీ ఈ కాన్సర్‌కీ ఉన్న సంబంధాన్ని 1980లలో జర్మనీ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్ కనిపెట్టాడు. 2008లో నోబెల్ ఇచ్చారు. దాన్ని చూసిన కణాల్లో హెన్రియెటా లాక్స్ అనే నల్లజాతి స్త్రీ కణాలు కూడా ఉన్నాయి. ఆమె పొగాకు చేలల్లో పెరిగింది. 1951లో బాల్టిమోర్‌లో నల్లవాళ్లకి విడిగా పెట్టిన వార్డులో ఆమెకి రేడియం పెట్టారు. అడగకుండా ఆమె ఒంట్లో ముక్క తీసుకున్నారు. ఆ కణాలు ఇప్పటికీ ప్రపంచమంతా పెరుగుతున్నాయి. ఆమె ముప్ఫయ్యొక్క ఏళ్లకే చనిపోయింది. ఆమె పొట్ట కూడా నల్లగా కమిలిపోయిందని చదివినప్పుడు ఆ పుస్తకం మూసేశాను. పొగాకు, నల్లచర్మం, విడి వార్డు. ఎక్కడి బాల్టిమోరు, ఎక్కడి చీరాల!

అడగకపోవటం మనకీ కొత్తకాదు. మేం గుంటూరులో ఉన్న ఆ 2009లోనే, జులై నుంచి, ఖమ్మం జిల్లాలో ఇదే జబ్బు రాకుండా టీకా వేసే ప్రయోగం జరిగింది. పదినుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు, పద్నాలుగువేల దాకా. చాలామంది హాస్టళ్లలో చదివే ఆదివాసీ, దళిత పిల్లలు. తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు చాలాచోట్ల వార్డెన్లు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోయారు. టీకావల్ల కాదని ప్రభుత్వ విచారణ చెప్పింది. 2010 ఏప్రిల్‌లో ఆ ప్రయోగం ఆపేశారు. 2013లో పార్లమెంటు సంఘం తప్పుపట్టింది. పేపర్లో వచ్చినప్పుడు చదివి వినిపించాను. మా ఆమె అన్నది: "టీకా మంచిదయితే మంచిదని చెప్పి అడగొచ్చుగా. మేం వద్దంటామా?" టీకా పనిచేస్తుందని ఇప్పుడు ప్రపంచానికి తెలుసు. మా మనవరాలికి ఈడొస్తే వేయిస్తాం. అడిగి వెయ్యాలి, అంతే. 2022లో మనదేశంలో లక్షా ఇరవయ్యేడు వేలమందికి పైగా ఆడవాళ్లకి ఈ కాన్సర్ వచ్చింది. సుమారు ఎనభైవేలమంది చనిపోయారు. ముందుగా చూస్తే ఆగే జబ్బు ఇది. చూసేవాళ్లు లేక, చెప్పుకునే చోటు లేక ముదురుతుంది.

ఇంటికొచ్చినాక ఉద్యమంలో స్నేహితులు నలుగురు చూడటానికి వచ్చారు. నేను టీ పెట్టి గ్లాసులు తెచ్చాను. "నువ్వు పెట్టటమేంది అన్నా, పిల్లలేరి?" అన్నాడొకడు. మా పెద్దది వరండాలో పరీక్షలకి చదువుకుంటోంది. అప్పుడు గుర్తొచ్చింది నాకు. దండోరా తొలిరోజుల్లో మా ఇంట్లో రాత్రుళ్లు మీటింగులు. పదిమంది అనుకుంటే ఇరవైమంది వచ్చేవాళ్లు. ఆమె కూలినుంచి వచ్చి, నీళ్లు మోసి, పక్కింట్లో బియ్యం బదులు తెచ్చి అందరికీ వండింది. మేం రాసిన కరపత్రాల కింద మా పేర్లున్నాయి. ఎసరు పెట్టినామె పేరు లేదు.

మన పెద్దల జీవితాలు మళ్లీ చదివాను. 1888లో జోతిబా ఫూలేకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోతే ఎడమచేత్తో పుస్తకం రాశాడు. ఆ రెండేళ్లూ కనిపెట్టుకుని ఉన్నది సావిత్రిబాయి. 1897లో ఆమె ప్లేగు రోగులకి చేస్తూ చేస్తూనే ఆ జబ్బొచ్చి పోయింది. బాబాసాహెబ్ ఆఖరి సంవత్సరాల్లో మందూ ఆహారం చూసుకున్నది సవితా అంబేద్కర్. అంతకుముందు రమాబాయి ఆయన విదేశాల్లో చదువుకుంటున్నన్నాళ్లూ పేదరికంలో ఇల్లు నడిపింది, కన్నబిడ్డల్ని పోగొట్టుకుంది, జబ్బుపడి 1935 మే 27న చనిపోయింది. పాకిస్తాన్ గురించి రాసిన పుస్తకాన్ని బాబాసాహెబ్ ఆమె జ్ఞాపకానికి అంకితమిచ్చాడు. ఆ అంకితంలో ఆయన బాధ ఉంది. నేను చదివినంతలో భార్య భర్తకి చేసిన సేవ మన చరిత్రలో ఉంది. భర్త భార్య గుడ్డలు ఉతికిన సంగతి ఎక్కడా కనపడలేదు. ఉతికినవాళ్లు లేరని కాదు. మా పేట వసారాల్లో, ఆసుపత్రి వరండాల్లో చాలామందిని చూశాను. వాళ్లూ చీకట్లోనే ఉతికారు.

మా పెద్దది 2010లో పదో తరగతి పాసైంది. అప్పు తీరటానికి నాలుగేళ్లు పట్టింది. మా ఆమె ఉంది. మొదట్లో మూడునెలలకీ, తరవాత ఆరునెలలకీ, ఆ తరవాత ఏడాదికీ చూపించుకుని వచ్చాం. మా గూడెం ఆడవాళ్లెవరికన్నా తెల్లబట్ట అయితే, రక్తం కనపడితే, ఇప్పుడు ముందు ఆమె దగ్గరికే వస్తారు. ఆమె బస్సెక్కించి తనే తీసుకుపోతుంది.

ఈ వ్యాసం ఆమెకి చదివి వినిపించాను. అంతా విని, "ఇప్పుడు బిందె ఎవరు మోస్తన్నారో రాయలేదే?" అన్నది.

రాయాల్సిందే. కుళాయి ఇప్పుడు ఇంటి ముందుకే వచ్చింది. పొద్దున నేను పడతాను. సాయంత్రం ఇంకా ఆమే పడుతోంది.